మాగాయకి పోయిన ఆల్చిప్పలు

మా అక్క ఆల్చిప్పల కథ చుట్టాలందరికీ తెలుసు. పరిశోధన కోసం సముద్రం నుంచి తెచ్చుకున్న చిప్పల్ని అక్క మా మామిడికాయల షెడ్డులో మరిచిపోయిందనీ, కూలీలు వాటితో మాగాయకి చెక్కు తీసేశారనీ పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించింది నేనే. అందులో అక్క మరిచిపోయిందన్న మాట అబద్ధం.

ఎనభైల్లో నూజివీడులో నాన్నది మామిడికాయల వ్యాపారం. నేను షెడ్డు చూసుకునేవాణ్ణి. అక్క విశాఖపట్నంలో జువాలజీ పరిశోధన చేసేది. బతికున్న ఆల్చిప్పల అంచున ఆకురాయితో గాటు పెట్టి, కొన్నిటిని ఫ్యాక్టరీ కాలవ సముద్రంలో కలిసేచోట, కొన్నిటిని దూరంగా శుభ్రమైన నీళ్ళలో బుట్టలు కట్టి ఏడాది ఉంచింది. గాటు దాటి అంచు ఎంత పెరిగిందో కొలవడమే ఆమె పని.

"మనకి నీళ్ళు పడకపోతే జుట్టు రాలదూ? దీనికి చిప్ప పెరగదు. అంతేరా," అని చెప్పింది.

కొలతలు ఇంట్లో తీసుకుందామని, వేసవి సెలవులకి ఆ చిప్పల్ని రెండు మూటల్లో తెచ్చి, చీటీలు కట్టి ఇంట్లో అటక మీద పెట్టింది.

ఆ వారమే గాలివాన. విస్సన్నపేట తోటల నుంచి రాలిన కాయ లారీల్లో దిగింది. రాలిన కాయ ఆగదు. వెంటనే చెక్కు తీసి ముక్కలు ఉప్పులో వెయ్యాలి. మా వైపు మాగాయకి చెక్కు తీసేది నడుమ బెజ్జం పెట్టిన ఆల్చిప్పతో. కూలీలు వచ్చారు గానీ చిప్పలు చాల్లేదు. అక్క స్నేహితురాలింటికి వెళ్ళింది. నేను ఇంటికెళ్ళి అటకెక్కి, రెండు మూటలూ షెడ్డుకి తెచ్చి ఒకే తట్టలో కుమ్మరించి, రాతిమీద అరగదీయించి బెజ్జాలు పెట్టించాను.

"ఏంటి బాబూ, కొన్ని అప్పడాల్లా విరుగుతున్నాయి?" అందో కూలి మనిషి.

"నీ చెయ్యి అలాంటిది."

"నా చెయ్యి మంచిదేనండీ, మీ సరుకే డొల్ల!" అనేసరికి షెడ్డంతా నవ్వింది.

సాయంత్రం అక్క తట్ట చూసి అక్కడే కూర్చుండిపోయింది. ఏది ఏ మూటలోదో ఇక తెలిసే దారి లేదు.

"విరిగినవన్నీ కాలవ దగ్గరివేననుకుని రాసెయ్యక్కా," అన్నాను.

"అనుకోవడానికైతే సముద్రందాకా వెళ్ళడమెందుకురా?"

నాన్న వచ్చి, "అంత అవసరమైనవి షెడ్డులో పెడతారా ఎవరైనా?" అని అక్కనే కోప్పడ్డాడు. అటక మీంచి దించింది నేనేనని నేను చెప్పలేదు. అక్క ఒక్కసారి నా వైపు చూసింది.

"పొరపాటైంది నాన్నా. ఇంకో ఏడాది పడుతుంది," అంది.

తిరిగి విశాఖపట్నం వెళ్ళి, కొత్త చిప్పలకి మళ్ళీ గాట్లు పెట్టి, మళ్ళీ బుట్టలు కట్టింది. అంత పని పాడైతే నేనైతే ఊహించి రాసేసేవాణ్ణి. ఆమె ఒక్క చిప్ప కొలతైనా ఊహించి రాయలేదు.

మరుసటి వేసవికి మూడు మూటలతో బస్సు దిగింది. చీటీలున్న రెండూ నా చేతిలో పెట్టి, "ఈసారి నువ్వే పెట్టరా అటక మీద," అంది. మూడోది విప్పి చూశాను. అన్నీ నడుమ బెజ్జాలున్న చిప్పలు. బెజ్జాలు వంకరటింకరగా ఉన్నాయి, తనే అరగదీసినట్టుంది.

"అవి నీ మాగాయకి."