పట్టకారు బరువు పోగా

నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో ట్రాక్టరు తోలే ఆడమనిషి ఒక్కతే ఉండేది. ఆమె మా మేనత్త, మా నాయనకు అక్క. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి, నాయనతో కలిసి మామిడితోపు, చెరకు చూసుకునేది. పూతలపట్టు రోడ్డు మీద ఆమె కొంగు నడుముకు బిగించి ట్రాక్టరు తోలుకుంటూ పోతుంటే బస్సులోని జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. ఆమె మాత్రం దారి తప్ప ఇంకేమీ చూసేది కాదు.

మా ట్రాక్టరు చిన్నది. చెట్ల సందుల్లో తిరగడానికి వీలుగా ఉంటుందని ఏరి కొన్నారు. ఒక ఏడు కాపు తగ్గిన ముసలి మామిడిచెట్లను కొట్టించి కొత్త అంట్లు నాటాలనుకున్నారు. కొట్టిన దుంగలకు మోకులు కట్టి ఎడ్లతో లాగిస్తుంటే మోకు తెగి ఒక ఎద్దు కాలికి దెబ్బ తగిలింది. దాంతో ట్రాక్టరు వెనక లిఫ్టుకు తగిలించే ఇనుప పట్టకారు కొందామనుకున్నారు. పొయ్యి మీది గిన్నె దించే పట్టకారు లాంటిదే, కాకపోతే బాగా పెద్దది. దాని రెండు కొక్కేలు దుంగను అటూ ఇటూ కరుచుకుంటాయి. పైకెత్తే కొద్దీ ఇంకా బిగుస్తాయి.

చిత్తూరులో వెల్డింగు షాపుకు నన్నూ వెంట తీసుకుపోయారు. అక్కడ రెండు పట్టకార్లు ఉన్నాయి. ఒకటి పొడుగాటి చేతితో, ఏనుగు తొండంలాగా భారీగా ఉంది. రెండోది దాంట్లో సగం కూడా లేదు. నాయన కళ్ళు పెద్దదాని మీదే పడ్డాయి.

"అక్కా, దీన్ని సూడు. ఎంత లావు దుంగైనా దీని నోట్లో పడతాది," అన్నాడు సంబరంగా.

అత్త దాని చుట్టూ తిరిగింది. ఒక కొసను పట్టుకుని ఎత్తి చూసింది. దాని బరువెంతో, ట్రాక్టరుకు ఎంత దూరం వెనక్కి పోతుందో షాపతన్ని అడిగింది. "రేపు సెప్తామప్పా," అని మమ్మల్ని లేవదీసింది. దారి పొడుగునా నాయన ముఖం ముడుచుకునే ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున అత్త నా చేతికి మా ఇంట్లోకెల్లా పెద్దదైన ఇత్తడి బిందె ఇచ్చి బోరు దగ్గరికి పంపింది. ఎత్తగలిగినన్ని నీళ్ళే తెమ్మంది. బిందె బరువుకే నా నడుము వంగిపోయింది. అడుగున కాసిన్ని నీళ్ళతో ఆయాసపడుతూ వచ్చాను. ఈసారి చిన్న సత్తు బిందె ఇచ్చింది. నిండా తెచ్చాను. రెండు బిందెల నీళ్ళనూ నాయన ముందే తొట్టిలో పోయించింది.

"నీ బలమేమన్నా పెరిగిందా పాపా?" అని అడిగింది.

"లేదత్తా. బిందె తేలిక."

"మరి ఆ బిందెను తొట్టిలో ముంచి నింపుకో. చంకలో కాదు, చేతులు ముందుకు చాపి పట్టుకో."

నిండు బిందెను అలా పట్టుకున్నానో లేదో భుజాలు లాగేశాయి. నీళ్ళన్నీ నాయన కాళ్ళ మీద ఒలికిపోయాయి. అత్త నవ్వింది. తర్వాత నిదానంగా చెప్పింది: "ట్రాక్టరూ అంతేరా అబ్బా. ఎత్తే బలం దానికి ఇంతనే ఉండాది. పట్టకారు బరువు పోగా మిగిలిందే దుంగకు. ఆ దుంగ కూడా వెనక్కి పోయే కొద్దీ ముందు చక్రాలు తేలిపోతాయి. నోరు పెద్దదని కొంటే ఎత్తేది దాన్నే, దుంగను కాదు."

నాయన తడిసిన కాళ్ళు చూసుకుని తనూ నవ్వేశాడు. ఆ మధ్యాహ్నమే చిన్న పట్టకారు ఇంటికి వచ్చింది.

దాని అసలు పని తోపులో కాదు, పక్కింట్లో తెలిసింది. ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చి, పక్కింటి అవ్వ పశువుల కొట్టం మీద చింతచెట్టు కూలింది. పాలు పితుకుతున్న అవ్వ కాలు కొట్టం దూలం కింద ఇరుక్కుపోయింది. దూలం మీద చెట్టు మాను. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. తలా ఒక మాట అరుస్తున్నారు. నాయన కూడా, "అక్కా, మాను మొత్తాన్ని పట్టి ఒక్క లాగు లాగేయ్!" అని కేకలేశాడు.

"లాగితే దొర్లి అవ్వ మీదికే పోతాది," అంది అత్త. గొంతు పెంచలేదు. ముందు దూలం కింద రాళ్ళు పేర్పించి అది ఇంకా దిగకుండా చేసింది. కొమ్మలను, మాను కొసను రంపాలతో కోయించి బరువు తగ్గించింది. ముందు చక్రాలు తేలకుండా ట్రాక్టరు ముందు ఇసుక మూటలు కట్టించింది. నన్ను పిలిచి, "నువ్వు అవ్వ తల కాడ కూర్చో పాపా. మాట్లాడతా ఉండు, నిద్రపోనీయొద్దు," అంది.

నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, ఆమె ఆవు పేరేమిటని, ఎన్ని ఈతలు ఈనిందని అడుగుతూ పోయాను. అవ్వ మూలుగుతూనే జవాబులు చెప్పింది. అత్త ట్రాక్టరును వెనక్కి తెచ్చి, మానుకు ఆనుకునేంత దగ్గరగా ఆపింది. కొక్కేలు కరుచుకున్నాయి. ఇంజను శబ్దం మారింది. ముందు చక్రాలు ఒక్కసారి అదిరి, మళ్ళీ నేలనే పట్టుకున్నాయి. మాను జానెడు లేచింది, అంతే. ఆ జానెడు చాలింది. మగవాళ్ళు దూలాన్ని పక్కకు నెట్టి అవ్వను బయటికి లాగారు. ఎముక విరిగింది కానీ కాలు దక్కింది. అప్పటికప్పుడే ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. వానలు ముగిసేసరికి కర్ర ఊతంతో మా వాకిట్లోకి వచ్చి, అత్త తల నిమిరి వెళ్ళింది.

చెట్టు కూలిన ఆ సాయంత్రం జనమంతా అత్తను మెచ్చుకుంటూ వెళ్ళిపోయాక ఆమె ట్రాక్టరు దిగి మెట్టు మీదే కూలబడింది. నేను దగ్గరికి వెళ్ళి చూస్తే రెండు చేతులూ ఆకుల్లా వణుకుతున్నాయి. నాకు భయమేసింది. అత్త భయపడగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏంటికత్తా వణకతా ఉండావు?"

"ఇప్పుడు వణికితే ఏం పాపా. పనైపోయినాది కదా," అని నా భుజం పట్టుకుని లేచింది.

నాకిప్పుడు మనవలున్నారు. నా మీదా బరువులు పడ్డాయి. అలాంటి వేళల్లో, ఎంత పెద్దది పట్టుకోగలనని కాక, నా దగ్గర ఎంత మిగిలి ఉందని ముందు లెక్క చూసుకున్నాను. ఎత్తాల్సింది జానెడే అయితే జానెడే ఎత్తాను. భయం లేదని ఎప్పుడూ చెప్పుకోలేదు. పనయ్యేదాకా దాన్ని పక్కన కూర్చోబెట్టడం మాత్రం మా అత్త దగ్గరే నేర్చుకున్నాను.