పొన్నమ్మకు వచ్చిన పిలుపు

మద్రాసులో మా చూలై వీధిలో యతిరాజులు నాయుడికి ఒక్కటే వ్యసనం. ఇంగ్లీషు మాట చెవిన పడితే దాని లాటిను పుట్టుక చెప్పక వదలడు. రోజూ తెల్లవారి స్నానం చేసి, నామం దిద్దుకుని, దిండంత నిఘంటువును వ్యాసపీఠం మీద విప్పేవాడు. ఒక మాట దొరికాకే కాఫీ. ఆపైన వీధిలో ఎవరు చిక్కితే వాళ్ళకు ఆ మాట దక్కేది.

"మజిల్ అంటే లాటినులో బుల్లి ఎలుక" అని కుస్తీల కోదండరాంతో అన్నాడు. అతను వారం రోజులు కండలు తడుముకుంటూ తిరిగాడు. యాభైరెండు ఎన్నికల్లో ఓట్లడగ వచ్చినాయన్ని నాయుడు గడపలోనే ఆపాడు. "క్యాండిడేట్ అంటే తెల్లబట్టల వాడని పుట్టుక. తమరు నీలం చొక్కాతో వస్తే ఎట్ల? మార్చుకోని రాండి." ఆయన నిజంగానే మార్చుకుని వచ్చాడు. మేం నోళ్ళు తెరిచాం.

ఇడ్లీలమ్మే పొన్నమ్మకు కాలు పుండై వాచింది. రెండు రోజుల్లో ఆసుపత్రిలో చేరకపోతే కాలు దక్కదన్నాడు డాక్టరు. ఆమె అరుగు దిగనంది.

"ఆడికి పోయినోళ్ళు తిరిగొచ్చింది నేను చూళ్ళేదు నాయనా."

"హాస్పిటల్ అనే మాట ఏడ పుట్టిందో తెలుసునా పొన్నమ్మా? లాటినులో అతిథి అనే మాటలోంచి. నువ్వు ఆడికి చుట్టంగా పోతావు."

"చుట్టమైతే పిలుపేది? మొగుడు పోయి ఇరవై ఏండ్లాయె. నన్నెవురు పిలిచినారు దేనికైనా?"

నాయుడు చెప్పులు తొడుక్కుని వీధి దాటి ఎటో నడిచాడు.

మర్నాడు ఆయన నిఘంటువు విప్పలేదు. కాఫీ ముట్టలేదు. భార్య రాజలక్ష్మి పేరంటం పిలుపులకు పట్టుకెళ్ళే వెండి పళ్ళెంలో తాంబూలం, గంధం పెట్టుకుని బయలుదేరాడు.

"మగోడు పిలుపుకు పోతాడా? అదీ పొన్నమ్మను పిలిచేదానికా?" అని రాజలక్ష్మమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. వీధీ అంతే. ఆయన మాత్రం పొన్నమ్మ ముందు వంగి, "ఈ దినం హాస్పిటల్‌కు తమరు తప్పకుండా దయచేయాల" అన్నాడు.

పొన్నమ్మ పళ్ళెంలోంచి తాంబూలం అందుకుంది. తర్వాత లేచి, పెట్టెలోంచి ఉతికిన కోక తీసింది.

జట్కాలో తోడు నేను వెళ్ళాను. ఆసుపత్రి వాకిట దిగగానే ఆమె మొండికేసింది. "ఈడ నన్ను పిలిచిందెవురు?"

తెల్లచీర నర్సొకామె ఎదురొచ్చి చేయి అందించింది. "నేనేనమ్మా. మీకోసరమే కాచుకోనుండాను."

స్వామి లీల అనుకుని అక్కడే చేతులు జోడించాను.

పొన్నమ్మ కాలు నయమై మళ్ళీ ఇడ్లీపొయ్యి అంటించాక, ఆ నర్సు సెలీనా అసలు సంగతి నాకు చెప్పింది. ముందునాటి సాయంత్రమే నాయుడు చెప్పులు చేతబట్టుకుని వార్డు వార్డూ తిరిగాడట. ఆమెను నిలబెట్టి, హాస్పిటల్ పుట్టుకంతా చెప్పి, ఆ తర్వాత అడిగాడట:

"రేపు ఒకామె వస్తాది. ఎవురు పిలిచినారంటాది. నేనే పిలిచినానని ఒక్క మాట అనండి తల్లీ."