వెయ్యని సూదికి బిల్లు

పటాన్‌చెరు దిక్కు ఒక మందు గోలీల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్‌ల చేస్త నేను, కాంట్రాక్టు మీద. మాది హత్నూర మండలంల ఊరు. మా గల్లీల ఉండే అక్క సుత అప్పుడు నాతోనే కంపెనీ బస్సెక్కి వస్తుండె. సొంత అక్క కాదు గానీ, నా పిల్లలు ఆమె చేతుల మీదనే పెరిగిండ్రు.

వానలు మొదలుగాకముందు కంపెనీల నోటీసు అంటించిండ్రు. పనోళ్లందరికీ ఫ్లూ జ్వరం రాకుండ సూదులేస్తరట, ఖర్చంతా కంపెనీదేనట. "ఇన్నేండ్ల సంది ఊర్లోళ్లకు మందులు ప్యాక్ చేసిస్తున్నం, ఇగ మనకు సుత ఏదన్న దొరుకుతున్నది" అని అక్క నవ్వింది.

హైవే మీదున్న ఒక ప్రైవేటు దవాఖానోళ్లొచ్చి క్యాంటీన్‌ల టేబుళ్లు వేసిండ్రు. ముందుగాల ఆఫీసోళ్లు, తర్వాత పర్మనెంటోళ్లు. మా వంతు వచ్చేసరికి ఐసు డబ్బా ఖాళీ. ల్యాప్‌టాప్ ముంగట కూసున్న పిలగాడు తల ఎత్తకుండనే, "సంతకాలు పెట్టి పోండి. పేర్లు ఎక్కిస్తేనే మీ సూదులు వస్తయి. రేపు మళ్లొస్తం" అన్నడు. నిజమే కావచ్చనుకొని పెట్టినం. మా ఎనకనున్న ఒడిశా పోరగాళ్లు సుత పెట్టిండ్రు.

రేపు రాలే, ఎల్లుండి రాలే. సూపర్‌వైజర్‌ను అడిగితే "వస్తరమ్మా, తొందరేంది" అనుకుంట పోయేది. ఇగ మేం సుత అడుగుడు బంద్ చేసినం.

ముసురు పట్టినంక అక్కకు జ్వరమొచ్చింది. దగ్గితే రెండు చేతులతోని పక్కలు పట్టుకునేది. నేనే కంపెనీ డాక్టర్ దగ్గరికి తోల్కపోయిన. ఆయన అక్క దిక్కు సూడలే, కంప్యూటర్ దిక్కు సూసిండు.

"నీకు ఫ్లూ వ్యాక్సిన్ అయింది గదమ్మా. ఇది ఉత్త సర్దే. గోలీ వేసుకొని లైన్‌లకు పో."

"నాకు సూదెయ్యలే సార్," అన్నది అక్క.

"ఎయ్యకుంటే ఇక్కడెట్ల ఉంటది? ఎడమ చెయ్యికి వేసినట్టు రాసుంది. సంతకం నీదేనా, కాదా?"

సంతకం ఆమెదే మరి. నాకైతే ఒళ్లు భగ్గుమన్నది. "సార్, ఆమె ఎట్ల ఊపిరి తీస్తున్నదో జెర సూడుండ్రి" అన్న. "నువ్వు డాక్టర్‌వా?" అన్నడు.

సెలవు దొరకలే. అక్క జ్వరంతోనే డ్యూటీకి వచ్చింది. ఆఖరికి ఒకనాడు పొద్దుగాల బస్సులనే కండ్లు తేలేసింది. డ్రైవర్ మంచోడు, కంపెనీకి పోనియ్యకుండ బస్సును నేరుగ సంగారెడ్డి సర్కారు దవాఖానకు మలిపిండు. ఊపిరితిత్తులల్ల నిమ్ము చేరిందన్నరు, ఆక్సిజన్ పెట్టిండ్రు. అక్కడి డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పిన. ఆమె మొఖం ఎర్రగయింది. "సూది వేసుకున్నోళ్లకు సుత ఫ్లూ రావచ్చమ్మా. రాసున్నదాన్ని సూసి రోగం లేదనుడేంది?" అన్నది.

అక్క గండం గడిచింది. మూడు అడుగులేస్తే ఆయాసపడుతుండె గానీ, బతికింది.

నా కోపం మాత్రం చల్లారలే. ఆఫీసుకు పోయి హెచ్చార్ సార్‌ను అడిగిన. "దవాఖానోళ్లు అందరి పేర్ల మీద బిల్లు పంపిండ్రు, మేం కట్టినం. వాళ్లనే అడుగు" అన్నడు. సెలవు పెట్టుకొని హైవే మీదున్న ఆ ప్రైవేటు దవాఖానకు పోయిన. బిల్లింగ్ కౌంటర్‌ల కూసున్నామె, "మీ కంపెనీ వాళ్లే అందరి రికార్డు కావాలన్నరు. వాళ్లనే అడుగుండ్రి" అన్నది. గింత దూరం వచ్చింది ఇది ఇనడానికా అనుకున్న. నా కాగితం నాకిమ్మంటే ప్రింట్ తీసిచ్చింది. నా పేరు, నా వయసు, మందు నంబరు అన్నీ ఉన్నయి. సూది వేసినంక అరగంట కూసోబెట్టి సూసిండ్రట, నాకే ఇబ్బందీ కాలేదట! ఆ టైంల నేను లైన్ మీద గోలీల డబ్బాలు సర్దుతున్న. నన్ను కూసోబెట్టిందెవరు? సూసిందెవరు?

ఆ కాగితం తెచ్చి మా ఆడోళ్లందరికీ సూపెట్టిన. ఎవరిది వాళ్లు తెచ్చుకున్నరు. అన్నిట్ల అదే ఎడమ చెయ్యి, అదే అరగంట. అందరం కలిసి హెచ్చార్ గదిల నిలబడ్డంక, ఇగ లొల్లి పెద్దగైతదని మళ్ల దవాఖానోళ్లను పిలిపిచ్చిండ్రు. ఈసారి సూదులు నిండ తెచ్చిండ్రు.

ముందు నిలబడ్డది నేనే. నర్సు దూది తీసింది. "ఇయ్యాల తారీఖేసి కాగితమిస్తరా?" అని అడిగిన.

"మీ కాగితం ముందే ఉంది గదా. మళ్లెందుకు?" అన్నడు ల్యాప్‌టాప్ పిలగాడు.

"అయితే అది కొట్టెయ్యి. అది అబద్ధం. ఇయ్యాల వేసింది ఇయ్యాలనే రాయి. లేకుంటే సూదే వద్దు."

"ఫ్రీగ వేస్తుంటే గింత పంచాయితేందమ్మా?" అన్నడు హెచ్చార్ సార్.

"ఫ్రీ ఏంది సార్? మా పేర్ల మీద బిల్లు తిన్నోళ్లున్నరు. మా అక్క సావు దాంక పోయొచ్చింది!" ఆ గొంతు నాదేనా అని నాకే అనిపిచ్చింది. ఎనక మా ఆడోళ్లంతా చేతులు కట్టుకొని నిలబడ్డరు. ఒక్కరు సుత జాకిట్ చెయ్యి పైకి జరుపలే.

హెచ్చార్ సార్ బయటికి పోయి ఎవరెవరికో ఫోన్లు చేసిండు. లైన్లు ఆగిపోతున్నయని ప్రొడక్షన్‌ల నుంచి మనుషులొచ్చిండ్రు. అప్పుడు గానీ పాతయి కొట్టేసి, కొత్త తారీఖేసి, ఒక్కొక్కరికి కాగితం ఇయ్యలే.

అక్కను మాత్రం పనిల పెట్టుకోలే. మనిషి గట్టిగ లేదని కాంట్రాక్టర్ అన్నడు. ఆ డాక్టర్ అదే కుర్సీల ఉన్నడు. అక్క ఇప్పుడు కంది ఊర్ల ఒక హాస్టల్ వంటగదిల కూరగాయలు కోస్తది. మెట్లెక్కాలంటే ఇప్పటికీ నడుమ ఆగుతది. ఆ కంపెనీల నుంచి ఒక్కరన్న వచ్చి ఆమెను ఎట్లున్నవని అడుగలే.