సగమోళ్ల ఊరు చెరిపేస్తారట!

నాకు ఈ లోకంలో చాలామంది మీద కోపం ఉంది. లేని లోకం మీద కోపం రావడం మాత్రం మొన్నటి వేసవిలోనే మొదలైంది.

మహారాష్ట్రలోని చంద్రపూర్ ఎండకు మా లాల్‌పేట్ గల్లీలో కాకులు కూడా ఎగరడం మానేసి గోడ నీడన నడుచుకుంటూ పోతున్న ఆదివారం మధ్యాహ్నం అది. బొగ్గు లారీకన్నా ఎక్కువ చప్పుడు చేసే మా కూలర్ ముందు మా అమ్మాయి, ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ నుంచి బస్సులో వచ్చిన దాని స్నేహితురాలు చాప వేసుకుని కూర్చున్నారు. ఇద్దరూ కాలేజీ పిల్లలు. మధ్యలో దుప్పటంత కాగితం. దాని మీద పెన్సిల్‌తో గీసిన అడవులు, కొండలు, నదులు, ఊళ్లు.

అది కథ చెప్పుకునే ఆట. మా అమ్మాయి ఒక లోకాన్ని పుట్టించి కథ నడిపిస్తుంది. మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి, ఏం చేస్తారో చెప్పి పాచికలు వేస్తారు. మనుషులు తక్కువయ్యారని నన్నూ కూర్చోబెట్టారు. ఆ లోకంలో రెండు జాతులు. ఒకటి మనలాంటి మామూలు మనుషులు. రెండోది ఎల్ఫులు. మొనదేలిన చెవులు, ముడత పడని మొహాలు, అడవిలో కాపురం, తొమ్మిది వందల ఏళ్లు నిండినా మోకాలి నొప్పి ఎరగని జన్మలు. ఈ రెండు జాతుల వాళ్లూ పెళ్లి చేసుకుంటే పుట్టినవాళ్లు సగం ఎల్ఫులు. మా ఇంట్లో వాళ్లకు క్షణంలో సగమోళ్లని పేరు పడింది. ఎవరికీ అక్కర్లేని వేషం కాబట్టి అది నాకే వచ్చింది.

"మా సగమోళ్ల సంగతి జర చెప్పు బిడ్డా" అన్నాను.

"చెప్పేందుకు ఏం లేదు బాపు. వాళ్లకు సొంత చరిత్ర లేదు, పండుగ లేదు. అడవికి పోతే మనిషంటరు, ఊరికొస్తే ఎల్ఫంటరు. ఒంటరిగ తిరుగుతరు. జర ఉదాస్ ఉంటరు, మొకం ఏలాడేసుకోని."

ఉదాసా! ఒంట్లోని రక్తమంతా ఒక్కసారి నెత్తికెక్కింది. ఆ వేడికి కూలర్‌లో నీళ్లు మరిగే ఉంటాయి. మా నాయన గనిలో పనికి కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టాను. మంచిర్యాలలో పెళ్లికి పోతే "మహారాష్ట్రోళ్లు వచ్చిండ్రు, వాళ్లకు చపాతీలు చెయ్యుండ్రి" అంటారు. ఇక్కడి బజార్లో నేను వెనక్కి తిరగ్గానే "తెలుగువాలా" అంటారు. ఈ రెంటి మధ్య ఇన్నేళ్లు బతికాను. ఒక్క పూటైనా ఉదాస్‌గా కూర్చున్నానా? కూర్చునే తీరిక ఏ ప్రభుత్వం ఇచ్చింది?

ఈలోగా ఆ స్నేహితురాలు రబ్బరు చేతికి తీసుకుంది. పటంలో అడవికీ మనుషుల ఊళ్లకీ మధ్య సగమోళ్ల ఊరు ఒక్కటే ఉంది, ఈగ వాలినంత.

"కాకా, ఈ ఊరు తీసేద్దాం. కథకు పనికొస్తలేదు. మీరు మనిషన్నా కాండ్రి, ఎల్ఫన్నా కాండ్రి."

"ముట్టు, చూస్త నీ సంగతి!" పటం మీద అడ్డంగా పడ్డాను. నా పొట్ట కింద రెండు పర్వతాలు, ఒక సముద్రం నలిగిపోయాయి.

మా అమ్మాయి తీర్పు చెప్పింది. "పొద్దు గూకినంక పటానికి సిరా ఏస్త. అప్పటిలోపల సగమోళ్లదే అయిన ఆచారం ఒక్కటి సూపియ్యి. అటు నుంచి తెచ్చింది, ఇటు నుంచి తెచ్చింది నడువదు. సూపిస్తే ఊరుంటది. లేకుంటే రబ్బరే."

"ఒక్కటేంది, వంద చూపిస్త! కొత్త సంవత్సరం నాడు వాకిట్ల మరాఠోళ్ల లెక్క గుఢీ కర్ర ఎత్తుతం, లోపల ఉగాది పచ్చడి తింటం."

"గది వాళ్లది, గిది వీళ్లది. మీదేంది?"

సరే, చరిత్ర అందుకున్నాను. "ఎల్ఫుల అడవి కింద బొగ్గు తవ్వెటందుకు మా తాతలు వచ్చిండ్రు. ఒకనాడు షిఫ్టు దిగి పైకొస్తుంటే ఒక అడవి పిల్ల కండ్లబడ్డది..."

"అహో కాకా, అక్కడ డ్రాగన్లుంటయి, బొగ్గు గనులుండయి" అంది స్నేహితురాలు.

"బొగ్గు లేకుంటే డ్రాగన్ నోట్లకెల్లి మంటెట్ల వస్తది?"

అయినా మార్కులు పడలేదు. వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "ఓ అయ్యా, పిల్లలతోని కొట్లాట బంద్‌జేసి వచ్చి మామిడికాయలు కొయ్యి!"

జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంటే మామిడికాయలట.

ఆట ముందుకు నడిచింది. నేను ఎల్ఫులను ఏలే పెద్దమ్మ దర్బారుకు వెళ్లాలి. ఆ వేషం స్నేహితురాలిది. సోఫా ఎక్కి తొమ్మిది వందల ఏళ్ల మొహం పెట్టుకుని కూర్చుంది. పెద్దమనిషి ఎదురైతే మా ఇళ్లలో నోరు తెరవకముందే నడుం వంగుతుంది. "వంగి కాళ్లు మొక్కుతున్న" అని చెప్పాను.

"పట్టుకోండ్రి వీన్ని!" సోఫా మీదే లేచి నిలబడింది. "మాకు ముసలితనం లేదు. కాళ్లు మొక్కిండంటే నన్ను ముసల్దానివన్నట్టు. అది చాలదని నా ఒంటి మీద చెయ్యేసిండు!"

పాచికలు వేశాను. అవి కూడా ఎల్ఫుల పక్షమే. జైలు! హత్య చేసినవాడు బెయిలు మీద తిరుగుతుంటాడు, దండం పెట్టినవాడికి జైలు!

"మంచిగైంది" అంది మా ఆవిడ. "ఆన్నే ఉండనియ్యుండ్రి."

కిటికీలో ఎండ ఎర్రబడింది. మా అమ్మాయి సిరా పెన్ను మూత తీసింది. "బాపు, పెద్దమ్మ నిన్ను మళ్ల పిలిచింది. కాళ్లు ముడితే ఉరి. నిటారుగ నిలబడితే, పెద్దల మర్యాద ఎరగనోడని మనుషులు నిన్ను ఊర్లకు రానియ్యరు. ఏం జేస్తవ్?"

ఇంతకన్నా అన్యాయం భూమ్మీద ఎక్కడైనా ఉందా? చేసి చూపిస్తానని లేచి సోఫా ముందుకు వెళ్లాను. పెద్దమ్మ కిందికి దిగి నిలబడింది. వంగాలా వద్దా అనుకుంటూనే సగం వంగాను. అక్కడ నడుం పట్టేసింది. ఆ చప్పుడు బల్లార్‌పూర్ దాకా వినబడి ఉంటుంది. కిందికి పోలేను, పైకి రాలేను. పడిపోకుండా అరచెయ్యి నేల మీద ఆన్చాను, ఆ పిల్ల పాదానికి జానెడు పక్కన.

పెద్దమ్మ తన పాదాన్నీ నా చేతినీ మార్చి మార్చి చూసింది.

"ఏం ముట్టుకున్నవ్?" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి.

"నిన్ను ముట్టలే తల్లీ. నువ్వు నిలబడ్డ మట్టిని ముట్టిన."

"ఎందుకు?"

నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మా అమ్మ మనిషి, పెద్దలకు వంగాల్నని నేర్పింది. మా నాయన అడవోడు, ఒళ్లు ముట్టద్దన్నడు. నేను ఎవ్వరి మాట కాదనాలె? అందుకే పాదం పక్క మట్టికి మొక్కుత. మా ఊర్ల అందరం గిట్లనే."

మా అమ్మాయి పాచికలు పక్కన పెట్టేసింది. "ఇది మనుషులల్ల లేదు. ఎల్ఫులల్ల లేదు" అంటూ పటం మీదికి వంగి, ఈగంత ఊరు చుట్టూ సిరా తిప్పింది.

ఇక్కడితో అయిపోతే నేనూ శాంతించేవాణ్నే. కానీ ఆ పెద్దమ్మ ఊరుకుందా? తానూ వంగి, నా పాదం పక్కన నేల మీద అరచెయ్యి పెట్టింది. "ఇన్నేండ్లల్ల నన్నెవ్వరు గిట్ల పలకరియ్యలే. ఇగ నుంచి మా అడవిల అందరం గిట్లనే మొక్కుతం."

"అప్పుడే ఎత్తుకపోతున్నరా!" వంగినవాణ్ని వంగినట్టే అరిచాను. "ఆచారం పుట్టి చాయ్ సల్లారేంత సేపన్న కాలే! ఇందాకట్నుంచి మీకేం లేదు, మీకేం లేదు అన్నోళ్లే, ఉన్న ఒక్కటి కండ్లబడంగనే చంకల పెట్టుకుంటరా?"

"బాపు, ఊరికి సిరా పడ్డది గద. ఇగ ఊకో."

"ఊకోను. ఊరి పక్కన రాయి. మట్టి మొక్కుడు మొదట సగమోళ్లది, అడవోళ్లు ఎనుక నేర్సుకున్నరు అని."

రాసింది. మాటలన్నీ తెలుగే, అక్షరాలు మరాఠీవి. తెలుగు అక్షరాలు దానికి రావు. దాని మీద వేరే యుద్ధం చేయాల్సింది కానీ నడుం సహకరించలేదు. మా ఆవిడ జండూబామ్‌తో వచ్చి వీపు మీద రుద్దుతుంటే, వంగినచోటు నుంచే తలకిందులుగా మొత్తం చదివాను. తప్పుల్లేవు. "మొదట" అన్న మాట కింద మాత్రం గీత కొట్టించాను, రెండుసార్లు.