బావగారి తీర్పు పారాయణం

మా బావ రోజూ పొద్దున్నే స్నానం చేసి, విడాకుల తీర్పు చదువుతాడు. ఇటు గదిలో నేను దేవుడి ముందు కూర్చుని స్తోత్రం మొదలుపెడతానా, గోడకు అటువైపు ఆయన "వాది, ప్రతివాది" అంటూ గొంతెత్తుతాడు. మొత్తం మూడు పేజీలు. గడియారాలు బాగుచేసే మనిషి కనక, పళ్ళచక్రాలు చూసే భూతద్దం కంటికి తగిలించుకుని మరీ చదువుతాడు. ఒక్కోరోజు నా నోటా "ప్రతివాది" అనే వచ్చేది. దేవుడు ఏమనుకున్నాడో మరి.

ఆ ప్రతివాది మా చెల్లెలే. విడాకులయ్యాక ఈయన ట్రంకుపెట్టెతో వచ్చి మా వెనకగది అద్దెకు అడిగాడు. నేను నీళ్ళు నమిలాను.

"ఆవిడ ఇంట్లోంచి వెళ్ళమని రాశారు గానీ, నీ ఇంట్లోంచి వెళ్ళమని ఎక్కడా లేదు బావా," అన్నాడు.

మా ఆవిడ అప్పటికే పెట్టె లోపల పెట్టేసింది. విడాకులు చెల్లెలికి గానీ తనకు కాదట. అన్నయ్య ఎప్పటికీ అన్నయ్యేనట.

ఏం చేసినా కాగితం ప్రకారమే. ఆదివారం పది నుంచి అయిదు దాకా పాప తండ్రి దగ్గర ఉండవచ్చని రాశారు. తొమ్మిదిన్నరకే వెళ్ళి వానలోనైనా గేటు బయట నిలబడతాడు. పది కాందే పిలవడు. సాయంత్రం పాపను దింపేటప్పుడు, అయిదు కొట్టేసరికి దారిలో చెప్తున్న కథ ఏ మాట దగ్గరుంటే అక్కడే ఆగిపోతుంది. "అప్పుడు ఏనుగు తలుపు తీసి చూస్తే..." అంతే. ఆ ఏనుగు వారం రోజులూ తలుపు పట్టుకుని నిలబడాల్సిందే. పై ఆదివారం పదింటికి "లోపల ఎవరూ లేరు" అని అందుకుంటాడు.

ఇంత శ్రద్ధగా చదువుతున్నాడంటే డబ్బు ఎగ్గొట్టే దారి వెతుకుతున్నాడనుకున్నాను. చెల్లెలితోనూ అదే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

తీర్పు ఇదీ: పాప పోషణకు ఆయన నెలనెలా ఇవ్వాలి. చెల్లెలూ పాపా ఉండే ఇంటి మీద ఉన్న బ్యాంకు అప్పు వాయిదా ఇద్దరూ చెరిసగం కట్టాలి. వరసగా మూడు తప్పితే ఇల్లు అమ్మేయాలి. ఇంతలో చెల్లెలు పనిచేసే కుట్టు కార్ఖానా మూతపడింది. పని దొరికేదాకా తన సగం నన్ను కట్టమంది. దేవుడి పటం సాక్షిగా సరేనన్నాను.

మొదటి నెల మా ఇంటికప్పు కారిందని కట్టలేదు. రెండో నెల, మొదటిది కట్టలేదన్న సిగ్గుతో బ్యాంకుకు వెళ్ళలేదు. మూడో నెల ఆ వీధిలో నడవడమే మానేశాను. పోస్టుమన్ గొంతు వినిపిస్తే దొడ్లోకి పోయేవాణ్ణి.

నాలుగో నెల చెల్లెలు సంచీడు పళ్ళతో వచ్చింది.

"నువ్వు కట్టకపోతే ఈపాటికి పాపా నేనూ వీధిలో ఉండేవాళ్ళం అన్నయ్యా," అంది.

కాదని చెప్పడానికే నోరు తెరిచాను. అందులో పండుముక్క పెట్టింది. మింగాను.

అది గొంతు దిగకముందే బ్యాంకుకు పరుగెత్తాను. మా చెల్లెలి సగం ఎవరు కట్టారని అడిగితే గుమాస్తా నిట్టూర్చాడు.

"ఇంకెవరండీ, చలానా వెనకవైపు కూడా భూతద్దం పెట్టి చదివే ఆయనే. తన సగం కట్టి, రెండోది వచ్చిందా అని అడుగుతారు. రాలేదంటే ఇంకో చలానా తీసుకుని, దాన్నీ మొదటినుంచి చదువుతారు. వెనక లైనంతా నన్ను తిడుతుంది."

ఇంటికొచ్చేసరికి బావ ఓ గోడగడియారం విప్పుకుని కూర్చున్నాడు. నా ముఖం చూడగానే సంగతి ఆయనకు అర్థమైపోయింది. నేను మాత్రం తలెత్తలేకపోయాను.

"అందుకే రోజూ చదువుతున్నాను బావా," అన్నాడు నెమ్మదిగా. "ఆవిడ సగం నేను కట్టకూడదని ఎక్కడైనా ఉందేమోనని. ఇప్పటిదాకా కనిపించలేదు."

ఇప్పుడే వెళ్ళి చెల్లెలికి నిజం చెప్పేస్తానన్నాను.

"వద్దు. నేనని తెలిస్తే ఆ ఇంట్లో ఒక్కపూట ఉండదు. వచ్చే నెల నుంచి నువ్వు కట్టు. ఆ పళ్ళు అప్పుడు అరుగుతాయి."

సరేనన్నాను. ఈసారి పటం వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. బావ భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడుస్తూ కాసేపు నసిగాడు.

"ఇంకొక్క సాయం చెయ్యాలి. మొన్న చీమ ఆకుపడవెక్కి నది మధ్యలో ఉండగా అయిదు కొట్టింది. పాప ఏడుపు ముఖంతో లోపలికి వెళ్ళింది. నువ్వొకసారి వెళ్ళి ఆ చీమను ఒడ్డుకు చేర్చి రావాలి. మావయ్య చెప్పకూడదని ఎక్కడా లేదు, రెండుసార్లు చూశాను."