పాయింట్స్‌మన్ పగటి నిద్ర

నీలకంఠం టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. సొంతూరు ఇచ్ఛాపురం పక్కన. మనిషి మంచివాడే గానీ నిద్ర దగ్గర రాక్షసుడు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ. పొద్దున్నే దిగొచ్చి, చద్దన్నం తిని, కిటికీకి గోనెపట్టా కట్టి పడుకునేవాడు. ఆ వేళప్పుడు గిన్నె చప్పుడైతే భార్య కస్తూరమ్మకు మూడినట్టే. పక్క క్వార్టర్లో ఉన్న పాపానికి మేమూ పగలంతా గుసగుసలతోనే సంసారం చేశాం.

ఎనభై ఒకటి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, కస్తూరమ్మ కుళాయికి వెళ్లిన సమయం చూసి ఒకడు ఇంట్లో దూరి ఇత్తడి బిందె ఎత్తాడు. నీలకంఠానికి మెలకువ వచ్చింది. వాడు బిందె వదిలేసి పెరటిగోడ ఎక్కబోయాడు. ఇతను మూలనున్న ఇనపకడ్డీ తీసుకుని వెంటపడి తలమీద ఒక్కటి వేశాడు. ఆసుపత్రికి చేరేలోపే వాడి ప్రాణం పోయింది.

దొంగను కొడితే తప్పేమిటని క్వార్టర్లన్నీ నీలకంఠాన్ని మెచ్చుకున్నాయి. పక్కింటి గొడవలో అందరూ వీరులే. బెయిలు మీద వచ్చాక నేను అతన్ని బిష్టుపూర్‌లో వకీలు సీతారామరావుగారి దగ్గరకు తీసుకెళ్లాను.

"రాత్రిపూట ఇల్లు బద్దలుకొట్టి దూరినవాణ్ణి ఆపబోతే, వాడు చచ్చినా చట్టం ఒప్పుకోవచ్చు," అన్నారాయన. "పగటి దొంగైతే నీ ప్రాణానికి భయం ఉండాలి. పారిపోయేవాణ్ణి చంపే హక్కు లేదు."

"నాకదే రాత్రి బాబూ. డూటీ దిగి తొంగున్నాను."

"చట్టానికి డ్యూటీలు లేవయ్యా. దానికి పొద్దు గుంకితేనే రాత్రి."

చూసినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి కస్తూరమ్మ రోజూ ఒకటే పాఠం చెప్పింది: "కత్తి తీసినాడు, బయమేసి కొట్టీసినానని సెప్పు మావా. నువ్వు జైలుకెల్తే, ఉజ్జోగం పోతే, నానేటి తినాల?"

కోర్టులో జడ్జిగారు హిందీలో అడిగారు, భయపడ్డావా అని. నీలకంఠం ఎదుటి బెంచీ మీద కూర్చున్న ఒక ముసలామె వైపు చూశాడు. తర్వాత హిందీలోనే చెప్పాడు: "లేదు సాబ్. వాడు పారిపోతున్నాడు. నిద్ర చెడగొట్టాడని కోపమొచ్చి కొట్టాను."

నాకైతే లేచి అతని నోరు మూయాలనిపించింది. హత్య కాదు గానీ హద్దు మీరిన దెబ్బ అన్నారు జడ్జిగారు. ఐదేళ్లు వేశారు. ఉద్యోగం కూడా పోయింది.

పోలీసులు తీసుకెళ్తుంటే కస్తూరమ్మ అడ్డం పడి ఏడ్చింది. "ఒక్క అబద్దం ఆడితే నీ నోరు పడిపోద్దా?"

"ఆడి అమ్మ నా ఎదరే కూకుందే," అన్నాడు నీలకంఠం. "సంపింది సాలక, సచ్చినోడి సేతిలో కత్తి కూడా ఎట్టమంటావా?"