కుడివైపు కాజా

మా నాయనమ్మ బొంతకు నడిమధ్యలో ఒక కాజా ఉండేది. చొక్కాలకు ఉండే మామూలు కాజానే. చిన్నప్పుడు అందులో వేలు దూర్చకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. బొంతకు కాజా ఏమిటని అడిగితే, "దానికి ఊపిరాడొద్దూ?" అనేది ఆవిడ.

వీధిలో అందరూ ఆవిడను కాజాలమ్మ అంటారు. తాతయ్య పోయేనాటికి మా నాన్న చంకలో పిల్లాడు, అత్తకు ఇంకా మాటలు తిరగలేదు. నాయనమ్మ వీధి చివరి దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి, బొత్తాలు వేసే పనికి కుదిరింది. ఇస్త్రీబల్లకూ గోడకూ మధ్య సందులో చాప వేసుకుని కూర్చునేదట. తల వంచితే మళ్లీ దీపాలవేళకే ఎత్తడం. దుకాణం ఊడ్చేటప్పుడు నేల మీది కత్తిరింపు ముక్కలు ఏరి, ఒళ్లో పోసుకుని తెచ్చుకునేది. ఆ ముక్కలే ఈ బొంత. కోటు గుడ్డ పక్కన రవిక ముక్క, లంగా అంచు పక్కన పరదా పీలిక. కింద పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంతటినీ కలిపి దగ్గర దగ్గరగా టాకాలు వేసింది. నాన్నకన్నా బొంత కాస్తే చిన్నది. ఆయనకు జుట్టు రాలింది గానీ దీనికి దారం రాలలేదు.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. అమ్మకు జబ్బు చేస్తే ఇంటిపని నా మీద పడింది. బళ్లో నోరు విప్పని పిల్లకు బడి మానడం ఏం కష్టమని అందరూ అనుకున్నారు. నాయనమ్మ అలా అనుకోలేదు. తన పక్కన పీట వాల్చి, సూదిలో దారం ఎక్కించమంది. "నాకు చూపు తగ్గింది, నీకు మాట తగ్గింది. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం" అంది.

మొన్న ఎండలు తగ్గాక ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చింది. మా అత్త వయసు ఉంటుంది. రేవులో పడవలు చేసిన వడ్రంగి కూతురినని చెప్పుకుంది.

"మా నాన్న చొక్కా ముక్క మీ బొంతలో ఉందని అమ్మ అంటుండేది మామ్మగారూ. వరదకి ఇంట్లో సమస్తం కొట్టుకుపోయింది. ఆయనది ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. అందుకని..." అని ఆగిపోయింది. చూసిపోవడానికి మాత్రమే రాలేదని నాకు అర్థమైంది.

పక్కనే ఉన్న అత్తకూ అర్థమైంది. "చూడండి, కానీ ఇమ్మంటే మాత్రం కుదరదు. ఒకరికిస్తే వీధంతా వచ్చి వరస కడుతుంది. ఆఖరికి మా అమ్మకి దోమతెర మిగుల్తుంది" అంది.

"దోమలకి లేని దిగులు నీకెందుకే? ఊరుకో" అంది నాయనమ్మ.

నేను బొంత తెచ్చి మంచం మీద పరిచాను. నాయనమ్మ వేళ్లు ముక్క ముక్కనూ తడుముతూ వెళ్లి నీలిగీతల గుడ్డ మీద ఆగాయి. నా కాజా ఉన్న ముక్క అది.

"ఇదేనమ్మా. నేను పట్టిన మొదటి చొక్కా. మగాళ్ల చొక్కాకి కాజాలు ఎడమవైపుండాలి. నాకేం తెలుసు? కుడివైపు కోసి పారేశా, పైనుంచి కిందదాకా. దర్జీ చూసి, రేపట్నుంచి రాకు తల్లీ అన్నాడు. సరిగ్గా అప్పుడే వచ్చాడు మీ నాన్న. తొడుక్కుని చూసుకుని, 'నాది ఎడమచేతి వాటమయ్యా. ఇన్నాళ్లకి నాకు పనికొచ్చే చొక్కా కుట్టారు. ఇకమీదట నా కాజాలన్నీ ఈమే వెయ్యాలి, ఇటువైపే వెయ్యాలి' అన్నాడు. దర్జీ నన్ను పనిలోనే ఉంచుకున్నాడు. చొక్కా చిరిగాక మీ నాన్నే తెచ్చి, బొంతలోకి పనికొస్తుందేమో చూడమ్మా అని ఇచ్చి వెళ్లాడు. ఆయనది ఎడమచెయ్యి కాబట్టి నా పిల్లలు ఇంత తిని బతికారు."

ఆవిడ తెల్లబోయింది. "మా నాన్నది ఎడమచెయ్యా? ఎవరన్నారు? ఉలి, సుత్తి, అన్నం, అన్నీ కుడిచేత్తోనే. నా వీపుని అడిగినా చెబుతుంది." కాజా వైపు చూసి, మెల్లగా అంది. "బొత్తాల దగ్గర మాత్రం రోజూ తంటాలు పడేవాడు. ఈ తిక్క చొక్కాలు ఎందుకు కుట్టిస్తావని అమ్మ సాధించేది. నవ్వి ఊరుకునేవాడు."

నాయనమ్మ వేలు కాజాలోనే ఉండిపోయింది.

"తలెత్తి చూస్తే తెలిసుండేది. నేనెప్పుడూ కాజా తప్ప మనిషిని చూళ్లేదు" అంది. "నా చేత ఒక దణ్ణమైనా పెట్టించుకోకుండా పోయాడు చూడు!"

ఆ పెద్దమనిషిని నేను ఎరగను. కానీ మేమంతా వెచ్చగా నిద్రపోయింది ఆయన ఆడిన ఆ అబద్ధం కింద.

"విప్పవే" అంది నాయనమ్మ నాతో.

"వద్దు మామ్మగారూ, ఇక్కడే ఉండనివ్వండి."

"నా పిల్లల్ని కప్పింది చాలు. ఇక నిన్ను చూసుకోనీ."

సూదిమొనతో ఒక్కో టాకా లేపి విప్పాను. వేలు దూర్చుకునే నా చోటు అది. అయినా గుడ్డ చిరగనివ్వలేదు. వడ్రంగి కూతురు రెండు చేతులూ చాపి అందుకుంది.

ఆవిడ వెళ్లాక, "ఇప్పుడీ కన్నానికి ఏం వేస్తారో వెయ్యండి" అంది అత్త.

నేను లోపలికి వెళ్లి, పెట్టె అడుగు నుంచి నా బడి లంగా తెచ్చాను. ఎప్పటికైనా తొడుక్కుంటానేమోనని ఉతికి మడతపెట్టి ఉంచుకున్నది. నాయనమ్మ ఏనాడూ దాన్ని బొంతలోకి అడగలేదు. అందులోంచి ముక్క కత్తిరించి, ముందు దానికి కాజా కుట్టాను. తర్వాత బొంతకు అతికాను.

నాయనమ్మ తడిమి చూసింది. "టాకాలు కాస్త దూరమయ్యాయి. ఫర్లేదు. కాజా ఏ వైపు పెట్టావే?"

"కుడివైపే నాయనమ్మా."

"బొంతకి కుడేంటి, ఎడమేంటి! ఇద్దరికీ మతిపోయింది" అంది అత్త. అంటూనే వంగి, అందులో తన వేలు దూర్చి చూసుకుంది.